ఎగిరే కన్నుకు కళ్ళెం ఎవరి చేతిలో ఉంది?

2018 మే నెల. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవిలో కిలౌయియా అగ్నిపర్వతం రేగింది. నేల పగుళ్ళు విచ్చింది. కరిగిన రాయి ఇళ్ళ మీదికి పాకసాగింది. ఒక రాత్రి లావా కొత్తదారి పట్టి ఒక వాడవైపు మళ్ళిందని, ఆకాశంలో తిరుగుతున్న డ్రోను పసికట్టింది. ఆ వాడలో ఒకాయన చిక్కుపడిపోయాడు. చుట్టూ చీకటి, దారి తోచదు. డ్రోను నడిపేవాళ్ళు దాన్ని ఆయన ఉన్నచోటికి పంపారు. దాని వెంటే నడుచుకుంటూ ఆయన క్షేమంగా బయటపడ్డాడు.

ఆ డ్రోను నడిపినవాళ్ళు అమెరికా ప్రభుత్వపు ఇంటీరియర్ శాఖకు చెందినవారు. ప్రభుత్వ భూములు, జాతీయవనాలు, వన్యప్రాణులు, భూగర్భ పరిశోధన – ఇవన్నీ ఆ శాఖ కిందికే వస్తాయి.

ఇరవై నెలలు తిరిగాయి. 2020 జనవరి 29న అదే శాఖ తన డ్రోన్లను నేలకు దించేసింది. ఒకటీ రెండూ కాదు, సుమారు 800 డ్రోన్లు! మంటలు ఆర్పడం, తప్పిపోయినవాళ్ళను వెతకడం వంటి ఆపద పనులకు తప్ప మరి దేనికీ వాటిని వాడవద్దని ఆజ్ఞ. అవి చెడిపోయాయా? లేదు. కూలిపోతున్నాయా? అదీ కాదు. వాటి తప్పల్లా ఒక్కటే: దాదాపు అన్నీ చైనాలో తయారైనవి, కాకపోతే చైనా భాగాలున్నవి.

ప్రాణం కాపాడగల యంత్రాన్ని పెట్టెలో పెట్టి మూత వెయ్యడమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. ఇది ముందుచూపా, లేక ఉత్త భయమా? తేల్చుకోవాలంటే ముందు ఆ యంత్రం పొట్టలో ఏముందో చూడాలి.

రెక్కలున్న కంప్యూటరు

డ్రోను అంటే ఇంగ్లీషులో మగ తేనెటీగ. 1930లలో బ్రిటన్ వాళ్ళు మనిషి లేకుండా రేడియోతో నడిచే ఒక విమానాన్ని తయారుచేసి, ఫిరంగులవాళ్ళకు గురి నేర్పడానికి వాడారు. దానికి ‘రాణి ఈగ’ అని పేరు పెట్టారు. రాణి ఈగనుంచే మగ ఈగ పేరు వచ్చిందని చెబుతారు.

ఇప్పటి చిన్న డ్రోనుకు సాధారణంగా నాలుగు పంకాలుంటాయి. రెండు కుడివైపుకు తిరిగితే, రెండు ఎడమవైపుకు తిరుగుతాయి. అలా కాకుండా అన్నీ ఒకేవైపు తిరిగితే డ్రోను మొండెం రెండోవైపుకు బొంగరంలా తిరిగిపోతుంది.

సర్కసువాడు పొడుగాటి గడను అరచేతిమీద నిలబెట్టడం మీరు చూసే ఉంటారు. గడ ఇటు వాలితే చెయ్యి ఇటు జరుపుతాడు, అటు వాలితే అటు జరుపుతాడు. డ్రోనులో ఈ పని చేసేది ఒక చిన్న కంప్యూటరు. ఎటు ఎంత వాలిందో చెప్పే పరికరాలు దానికి కబురందిస్తూ ఉంటాయి. ఆ కబురునుబట్టి అది సెకనుకు కొన్ని వందలసార్లు మోటార్ల వేగాన్ని సరిచేస్తుంది. కింద నిలబడ్డ మనిషి ‘ముందుకు పద’ అని మాత్రమే చెబుతాడు. నిజానికి ఎగిరించేది కంప్యూటరే.

కనుక డ్రోను ఒట్టి బొమ్మ విమానం కాదు, ఎగిరే కంప్యూటరు. కంప్యూటరు అన్నాక అందులో ప్రోగ్రాము ఉంటుంది. ప్రోగ్రాము ఉందంటే దాన్ని రాసినవాడొకడు ఉంటాడు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది!

దానికి ఏమేం తెలుసు?

ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. ఇంట్లో ఎవరి ఫోనులోనైనా తీసిన ఒక ఫొటో తెరిచి, దాని వివరాలు చూడండి. తీసిన తేదీ, నిమిషంతో సహా సమయం కనిపిస్తాయి. కెమెరాకు చోటు గుర్తించే అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశం, రేఖాంశం కూడా ఉంటాయి. బొమ్మ వెనకాల ఇంత సమాచారం దాగి ఉందన్నమాట.

డ్రోను ఇంకా ఎక్కువ రాసుకుంటుంది. ఎక్కడ లేచింది, ఏ దారిన పోయింది, ఎంత ఎత్తున ఎగిరింది, ఎటు చూసింది, ఎక్కడ దిగింది – అన్నిటికీ చిట్టా ఉంటుంది. పెళ్ళి వీడియో తీసే డ్రోనులో ఈ చిట్టా ఉంటే పెద్ద నష్టమేమీ లేదు. కాని అదే డ్రోనుతో ఒక ఇంజనీరు ఆనకట్టను పరీక్షిస్తున్నాడనుకోండి. గోడలో బీట ఎక్కడుందో ఆ బొమ్మల్లో ఉంటుంది. సరిహద్దులో సైనికులు వాడుతున్నారనుకోండి. వాళ్ళ శిబిరం ఎక్కడుందో ఆ చిట్టాలోని మొదటి వరుసే చెప్పేస్తుంది, డ్రోను లేచింది అక్కడినుంచే కదా!

ఒక్కొక్క బొమ్మ రహస్యం కాకపోవచ్చు. ఏళ్ళ తరబడి తీసిన వేల బొమ్మలు ఒకచోట చేరితే మాత్రం ఒక దేశపు వంతెనలు, విద్యుత్ కేంద్రాలు, రేవులు అన్నీ చేరిన పటం తయారవుతుంది. ప్రభుత్వాల భయం ఇదే.

మూడు గుమ్మాలు

సరే, డ్రోనులో ఉన్న సమాచారం బయటికెలా పోతుంది? దానికి మూడు గుమ్మాలున్నాయి.

మొదటిది రేడియో గుమ్మం. డ్రోనుకూ, నడిపేవాడికీ మధ్య మాటలు రేడియో తరంగాల మీద పోతాయి. చాలా డ్రోన్లు వాడేవి సెకనుకు సుమారు 240 కోట్లసార్లు కంపించే తరంగాలు. తరంగం గాలిలోకి వెళ్ళాక అది అందరిదీను. సమాచారాన్ని సంకేతలిపిలోకి మార్చి పంపితే కవరులో పెట్టి అంటించిన ఉత్తరంలాంటిది. మార్చకుండా పంపితే పోస్టుకార్డే, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు.

2023లో జర్మనీలోని బోకుమ్ నగరపు రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మరికొందరితో కలిసి, ఈ గుమ్మాన్ని పరీక్షించారు. వాళ్ళు ఎంచుకున్నవి చైనాలోని షెంజెన్ నగరంలో 2006లో స్థాపించిన డీజేఐ అనే సంస్థ డ్రోన్లు. ప్రపంచంలో అమ్ముడయ్యే చిన్న డ్రోన్లలో సగానికి పైగా ఈ సంస్థవే. ఆ డ్రోన్లు తామెక్కడున్నదీ, తమను నడిపే మనిషి ఎక్కడ నిలబడి ఉన్నదీ గాలిలో ప్రకటిస్తూ ఉంటాయి. పోలీసుల వంటివారు వాటిని గుర్తుపట్టడానికి చేసిన ఏర్పాటు అది. ఆ ప్రకటన సంకేతలిపిలో లేదని, పోస్టుకార్డేనని ఈ పరిశోధకులు తేల్చారు.

అంతటితో ఊరుకోలేదు. డ్రోనులోని ప్రోగ్రాముకు అర్థంలేని అంకెలు కుప్పలు తెప్పలుగా పంపి, ఎక్కడ తడబడుతుందో చూశారు. తాళం గట్టిదో కాదో తెలుసుకోవడానికి రకరకాల తాళంచెవులు తిప్పి చూసినట్టన్నమాట. మొత్తం 16 లోపాలు దొరికాయి. కొన్నిటివల్ల ఎగురుతున్న డ్రోనును దూరంనుంచే కూల్చెయ్యవచ్చు. పరిశోధకులు ముందుగా సంస్థకు చెప్పారు. లోపాలు సరిదిద్దిన తరువాతే ప్రపంచానికి వెల్లడించారు. పరిశోధనలో మర్యాద అంటే ఇది.

రెండోది ఫోను గుమ్మం. చాలా డ్రోన్లను ఫోనులోని ఒక ఆప్‌తో నడుపుతారు. ఫోనుకు ఇంటర్నెట్ ఉంటుంది. ఆ దారిన చిట్టాలు, బొమ్మలు ఏ దేశంలోనో ఉన్న సంస్థ కంప్యూటర్లకు చేరవచ్చు.

మూడోది మార్పుల గుమ్మం. సంస్థ అప్పుడప్పుడు ‘ప్రోగ్రాములో లోపాలు సరిచేశాం, కొత్తది ఎక్కించుకోండి’ అని కబురు పంపుతుంది. మంచిదే. పైన చెప్పిన 16 లోపాలూ పోయింది ఇలాగే. కాని మందు వచ్చే గుమ్మంలోంచే విషమూ రావచ్చు. 2020లో రెండు భద్రతా సంస్థలు డీజేఐ వారి ఒక ఆండ్రాయిడ్ ఆప్‌ను విప్పి చూశాయి. అది గూగుల్ దుకాణపు తనిఖీని తప్పించుకుని, సంస్థనుంచి నేరుగా కొత్త ప్రోగ్రామును దించుకోగలదని కనిపెట్టాయి. భద్రత కోసమే ఆ ఏర్పాటు చేశామని, దాన్ని ఎవరూ దుర్వినియోగం చేసిన దాఖలా లేదని సంస్థ జవాబిచ్చింది.

ఇక్కడొక తేడా గమనించండి. గుమ్మం ఉందని చూపడం వేరు, దొంగతనం జరిగిందని చూపడం వేరు. గూఢచర్యం ఆరోపణలను సంస్థ మొదటినుంచీ కాదంటూనే ఉంది. మరి దొంగతనం రుజువు కాకుండానే ప్రభుత్వాలు ఎందుకు తలుపులు వేస్తున్నాయి?

లక్క ఇల్లు

మహాభారతంలో వారణావతం కథ మీకు తెలిసిందే. పాండవుల కోసం పురోచనుడు అందమైన మేడ కట్టించాడు. మేడలో లోపమేమీ కనపడదు, కాని గోడల్లో ఉన్నది లక్క. అగ్గి ఇంకా ఎవరూ పెట్టలేదు. అయినా విదురుడు హెచ్చరించాడు, పాండవులు సొరంగం తవ్వించుకున్నారు. ‘ముందు కాలనివ్వండి, తరువాత చూద్దాం’ అని ఎవరూ అనలేదు కదా! దేశరక్షణలో లెక్క ఇలాగే ఉంటుంది. ‘ఇప్పుడు చేస్తున్నాడా?’ అని కాక, ‘రేపు చెయ్యదలిస్తే ఆపగలమా?’ అని అడుగుతారు.

చైనాలో 2017లో ఒక గూఢచార చట్టం వచ్చింది. దేశంలోని సంస్థలు, పౌరులు ప్రభుత్వ గూఢచార పనికి సహకరించాలని అది చెబుతోంది. సంస్థ ఎంత మంచిదైనా, రేపు తన ప్రభుత్వం అడిగితే కాదనగలదా? ఇదీ అమెరికా వాదన.

‘లోపలి ప్రోగ్రామంతా చదివి, బాగుంటేనే వాడితే సరిపోదా?’ అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. దీనికి కెన్ థాంప్సన్ అనే అమెరికన్ కంప్యూటరు శాస్త్రజ్ఞుడు 1984లోనే ఒక చిక్కు చూపించాడు. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చడానికి మరో ప్రోగ్రాము కావాలి. దాన్ని దుబాసీ అనుకుందాం. దుబాసీయే దొంగ అయితే? మీరు చదివిన కాగితంలో తప్పుండదు. దుబాసీ మాత్రం మార్చేటప్పుడు తన మాట ఒకటి కలిపేస్తాడు. ఎంత చదివినా దొరకదు. పూర్తిగా మీరు రాయని ప్రోగ్రామును పూర్తిగా నమ్మలేరని ఆయన తేల్చాడు. పైగా ఇవాళ పరీక్షించిన ప్రోగ్రాము, రేపు మార్పుల గుమ్మంలోంచి కొత్తది వచ్చేసరికి పాతబడిపోతుంది.

నిషేధాల వరస

అందుకే అమెరికాలో నిషేధాలు ఒక్కొక్కటే వచ్చాయి. 2017 ఆగస్టులో సైన్యం తన దళాలను డీజేఐ డ్రోన్లు వాడవద్దంది. 2019 డిసెంబరులో చట్టం మొత్తం రక్షణ శాఖకు చైనా డ్రోన్ల కొనుగోలును మూసేసింది. 2020లో ఇంటీరియర్ శాఖ సంగతి చూశాం. అదే ఏడు రక్షణ శాఖ పరీక్షించి ఒప్పుకున్న డ్రోన్ల జాబితా ఒకటి మొదలైంది. 2023 డిసెంబరు 22న వచ్చిన చట్టం దీన్ని కేంద్ర ప్రభుత్వ శాఖలన్నిటికీ వర్తింపజేసింది. ముందు కొనడం ఆపాలి, రెండేళ్ళ తరువాత వాడడమూ ఆపాలి. కొన్ని పనులకు మినహాయింపులున్నాయి.

నిషేధం ఊరికే రాదు, దానికీ ఖరీదుంది. అడవులున్నచోట ఎండాకాలానికి ముందే ఎండుపొదలను అదుపులో పెట్టుకుని కాల్చేస్తారు. తరువాత పెద్ద మంట లేవకుండా ఇది ఒక ఉపాయం. డ్రోన్లు పైనుంచి చిన్న రసాయన గోళీలు జారవిడిచి ఈ మంట పెడతాయి. ఆ పని మనుషులు హెలికాప్టరులో ఎగురుతూ చెయ్యడం చాలా ప్రమాదం. ఇంటీరియర్ శాఖ ఆజ్ఞవల్ల ఈ పని కుంటుపడుతోందని ఆ శాఖ లోపలి పత్రమే చెప్పినట్టు 2020లో పత్రికలు రాశాయి. గూఢచారి భయంతో పెట్టిన కట్టు, నిప్పు భయాన్ని పెంచిందన్నమాట!

ఫ్లారిడా రాష్ట్రంలో 2023నుంచి పోలీసులు, అగ్నిమాపక దళాలు జాబితాలో లేని డ్రోన్లు వాడరాదన్నారు. ఉన్నవన్నీ మూలపడ్డాయి. కొత్తవి కొనడానికి రాష్ట్రం రెండున్నర కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. కొత్తవి ఖరీదెక్కువ, పనితనం తక్కువ అని వాడేవాళ్ళలో చాలామంది మొరపెట్టుకున్నారు.

సొంత డ్రోను నిజంగా సొంతమేనా?

‘అయితే సొంతంగా తయారుచేసుకుంటే సరి!’ అంటారా? అక్కడా ఒక మెలిక ఉంది.

స్కైడియో అనేది అమెరికాలో పేరున్న డ్రోన్ల సంస్థ. 2024 అక్టోబరులో చైనా ఆ సంస్థమీద ఆంక్షలు పెట్టింది. తైవాన్ అగ్నిమాపక శాఖకు డ్రోన్లు అమ్మినందుకు ఆ కోపం. ఏమైంది? అమెరికాలో తయారైన ఆ డ్రోనుకు బాటరీ చైనానుంచి వస్తోంది! సరఫరా ఆగిపోయింది. కొత్త బాటరీలు దొరికేదాకా డ్రోనుకు ఒక్క బాటరీ చొప్పున రేషను ఇస్తామని సంస్థ ప్రకటించవలసి వచ్చింది. చిన్న డ్రోను ఒక బాటరీతో సాధారణంగా అరగంటకు అటూ ఇటూగా ఎగురుతుంది. ఒక్కటే ఉంటే, దిగాక అది మళ్ళీ నిండేదాకా పని ఆగినట్టే.

చూశారా! సమాచారం బయటికి పోవడం ఒక భయమైతే, సామాను లోపలికి రాకపోవడం రెండోది. 2022 ఏప్రిల్‌లో, రష్యా-ఉక్రెయిన్ యుద్ధం సాగుతుండగా, డీజేఐ ఆ రెండు దేశాల్లోనూ తన వ్యాపారం నిలిపేసింది. 2023 సెప్టెంబరునుంచి చైనా కొన్ని రకాల డ్రోన్లు, వాటి భాగాల ఎగుమతిమీద అదుపులు పెట్టింది. పరాయి యంత్రంమీద పూర్తిగా ఆధారపడితే, అవసరం వచ్చిననాడు అది దొరక్కపోవచ్చు.

మన దేశంలో

మన దగ్గరా డ్రోన్లు ప్రభుత్వ పనుల్లో ప్రవేశించాయి. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద సర్వే ఆఫ్ ఇండియా వారు డ్రోన్లతో ఊళ్ళలోని ఇళ్ళ హద్దులు కొలుస్తున్నారు. 2021లో తెలంగాణలోని వికారాబాదులో డ్రోన్లతో మందులు పంపి చూశారు. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు ముంచినప్పుడు, నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళకు డ్రోన్లతో ఆహారం అందించారు.

2022 ఫిబ్రవరి 9న భారత ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రతల కోసం మాత్రం అనుమతితో తెచ్చుకోవచ్చు. మన డ్రోను పరిశ్రమను పెంచాలన్నది ఉద్దేశం. అంతకు ముందు ఏడే డ్రోన్లు, వాటి భాగాలు తయారుచేసేవాళ్ళకు మూడేళ్ళలో 120 కోట్ల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించారు. అయితే భాగాల దిగుమతిని ఆపలేదు. ఆపితే ఇక్కడి పరిశ్రమే నిలిచిపోతుంది.

సైన్యం విషయంలో మాత్రం పట్టు బిగించారు. సైనిక డ్రోన్లలో చైనా భాగాలు వాడరాదని తయారీదార్లకు చెప్పారు. 2025 ఫిబ్రవరిలో, సరిహద్దుల్లో సామాను మోసే 400 డ్రోన్ల కొనుగోలు ఒప్పందాలను చైనా భాగాల కారణంగా రద్దు చేశారని పత్రికల్లో వచ్చింది. వాటిని అమ్మజూపింది మన దేశపు సంస్థే! పైన అంటించిన పేరు ఒకటి, పొట్టలో ఉన్న చిప్పు మరొకటి.

మరి ఏం చెయ్యాలి?

అన్ని డ్రోన్లనూ ఒకే గాటను కట్టనవసరం లేదు. సరిహద్దు చూసే డ్రోనుకూ, పొలంమీద మందు చల్లే డ్రోనుకూ ఒకే నియమం అక్కర్లేదు. మొదట అడగవలసిన ప్రశ్న: ఇది చూసేది పరాయివాడికి తెలిస్తే నష్టమెంత? రెండోది: ఇది రేపు ఎగరకుండా పోతే నష్టమెంత? ఈ రెండూ పెద్దవైనచోట నిషేధం న్యాయమే. నష్టం తక్కువైనచోట వేరే ఉపాయాలున్నాయి. డ్రోనును ఇంటర్నెట్‌కు కలపకుండా వాడవచ్చు. బొమ్మలు మన కంప్యూటర్లలోనే ఉంచవచ్చు. కొత్త ప్రోగ్రామును పరీక్షించాకే ఎక్కించవచ్చు. నిషేధించిన చోట కూడా, బదులుగా మరొకటి చేతికి వచ్చేదాకా నిప్పుతో, నీటితో పోరాడేవాళ్ళ చేతులు కట్టెయ్యకూడదు.

నిషేధం ఒక్క సంతకంతో వస్తుంది. మోటారు, బాటరీ, చిప్పు, కెమెరా, వాటిని నడిపే ప్రోగ్రాము అలా రావు. వాటిని తయారుచేసేవాళ్ళు కావాలి. పరాయి యంత్రాన్ని విప్పి, బోకుమ్ పరిశోధకుల్లా తప్పులు పట్టగలవాళ్ళూ కావాలి. ఆ రెండో పని స్వదేశీ యంత్రానికీ అంతే అవసరం. మనవాళ్ళు చేసినంత మాత్రాన తాళం గట్టిదైపోదు కదా!

ఈసారి మీ ఊరిమీద డ్రోను ఎగిరితే, చూసి ముచ్చటపడండి. ఆపైన మూడు ప్రశ్నలు వేసుకోండి: దీన్ని నడిపేది ఎవరు? ఇది చూసింది ఎక్కడికి పోతోంది? దీని పొట్ట విప్పి చూడగలవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారు? మూడో ప్రశ్నకు జవాబు ఇంకో పదేళ్ళలో మీరే చెప్పాలి.